ఎంతమందిని అడిగినావ్?

మా మనవరాలు మొన్న పరీక్షలకు చదువుకుంటానని వచ్చి, నడవలో చాప పరుచుకుని, ఇంత లావు పుస్తకం ముందర పెట్టుకుని కూర్చుంది. పట్టపగలే లైటు వేసుకుని. నేను పోయి ఆర్పేసినా. "తలుపు దగ్గరికి జరుగు. సూర్యుడు ఊరికే ఇస్తాండాడు వెలుతురు" అన్నా. జరిగింది గానీ మొగంలో ఏడుపు పోలేదు.

"ఏందే అది?"

"స్టాటిస్టిక్స్ అవ్వా. చెప్పినా నీకు అర్థం కాదులే."

"చదువు, విందాం."

విసుక్కుంటానే చదివింది. లెక్కకు తీసుకునే సమాచారం ఒకే రకంగా ఉండదంట. పేర్లు పెట్టేది ఒకటి, వరుస పెట్టేది ఒకటి, కొలిచేది ఒకటి. ఆ తర్వాత శూన్య పరికల్పన అని ఒక మాట వచ్చింది. ఆడ దిగబడింది బండి.

"అదేం బ్రహ్మవిద్య కాదులే" అన్నా, చేటలో కందిపప్పు చెరుగుతానే. "రెండింటికీ తేడా లేదు అనుకుని మొదలుపెట్టాల. ఉందనేవాడే రుజువు చూపాల. వాడు చూపలేకపోతే, వాడు చూపలేదు అనాల్నే గానీ, తేడానే లేదని మనం ఎగరగూడదు."

పుస్తకం దాని ఒళ్లోంచి జారింది. "అవ్వా, నువ్వు చదివింది మూడో తరగతే కదా?"

"మూడు కూడా నిండలేదు. ఇది బళ్లో నేర్చుకున్నది కాదు. మన అరుగు మీద విన్నది."

ఎవరు చెప్పినారని అడిగింది. నోటిదాకా వచ్చిన పేరు ఆపుకున్నా. మా ఊర్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచినోళ్లు లేరు. అందరికీ సగటు సారు.

ఆయన ప్రొద్దుటూరు కాలేజీలో ఈ పాఠమే చెప్పేవాడు. సొంతూరు సింహాద్రిపురం పక్కన. ప్రొద్దుటూరులో ఒంటిగా ఉండే మగమనిషికి ఇల్లు ఎవరూ ఇయ్యకపోతే, జమ్మలమడుగు దారిలో పెన్న గట్టున ఉండే మా పల్లెకు వచ్చి, మా వెనక గదిలో దిగినాడు. తిండీ మా ఇంట్లోనే. అవి పార్టీల రోజులు. మా కింది వీధి ఒక పార్టీ, పై వీధి ఇంకో పార్టీ. టీ అంగళ్లు రెండు, మంగళ్లు ఇద్దరు. ఆఖరికి బస్సు కూడా రెండు చోట్ల ఆగాల. పెట్టె దించక ముందే మా ఇంటాయన మీసం సర్దుకుని అడిగినాడు, "సారూ, మీది ఏ పార్టీ?"

"రెండింటి సగటు బావా" అన్నాడు ఆయన, పెట్టె గడప లోపల పెడతా.

ఆ మాట మా ఇంటాయనకు అర్థమయ్యేదానికి శానా రోజులు పట్టింది. అర్థమైనాక నవ్వాల్నో కొట్టాల్నో తెలియలేదు. పేరు మాత్రం నిలిచిపోయింది.

బక్క మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది, జేబు చుట్టూ తెల్లమరక. చూస్తే నాకు ఒళ్లు మండేది. "సుద్ద కాలేజీది, చొక్కా నీది. ఏది పాడైతే ఎవరికి నష్టమో లెక్కలాయప్పవు, ఆమాత్రం తెలీదా?" అంటే, నవ్వి ఆ ముక్కను తీసి రెండో జేబులో వేసుకునేవాడు. రెండు పక్కలా మరకలు.

వంకాయలామె గంప దించితే పైన ఉండే నిగనిగలాడే కాయల్ని తాకేవాడు కాదు. కళ్లు మూసుకుని అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, దొరికింది తీసేవాడు. "పైనవి నువ్వు చూపించేవమ్మా. నేను చూడాల్సినవి అడుగున ఉంటాయి" అనేవాడు. "ఈయప్పకు వంకాయలు అమ్మేకంటే పిల్లనిచ్చేది మేలు. ఇంత తరిచి చూడరు" అని ఆమె తిట్టుకుంటా పోయేది.

నేను అన్నం ఉడికిందా అని మెతుకు పట్టి చూస్తే, వాకిట్లోంచే కేక. "అక్కా, కలియబెట్టినావా?"

"ఒక్క మెతుకు చాలని మా అత్త చెప్పిందప్పా."

"మీ అత్త కలియబెట్టే పట్టి ఉంటుంది. చెప్పడం మర్చిపోయింది. పైది పలుకు, అడుగుది మాడు. కలపకుండా పట్టిన మెతుకు ఒంటి సాక్షి. కోర్టులో నిలబడదు."

వినేదానికి ఎకసెక్కంగానే ఉండేది. ఆ పొద్దు నుంచి ఈ పొద్దువరకు నేను కలియబెట్టకుండా మెతుకు పట్టలేదు.

సాయంత్రం మా అరుగు మీద పిల్లోళ్లకు ఊరికే పాఠం చెప్పేవాడు. రెండు వీధుల పిల్లోళ్లూ వచ్చేవాళ్లు, ఆయన కలిపి కూర్చోబెట్టేవాడు. పాఠానికి నా గిన్నెలే కావాల ఆయనకు. "ఇది చెంబు, ఇది తపేలా, ఇది గంగాళం. ఇవి పేర్లు. చెంబునూ గంగాళాన్నీ కూడి సగం చేస్తే ఏమొస్తుంది రా?" "ఏమీ రాదు సార్." "రాదు. పేర్లకు సగటు లేదు, లెక్కపెట్టుకోవాల్సిందే. ఇప్పుడు పెద్దది, దానికంటే చిన్నది, ఇంకా చిన్నది అని పెట్టినా. ఇది వరుస. ఎంత చిన్నదో వరుస చెప్పదు. ఇందులో ఎన్ని శేర్ల నీళ్లు పడతాయంటే అది కొలత. సగటు దీనికి. ముందు ఏ రకమో చూసుకోండి, తర్వాతనే ఏ పరీక్ష పెట్టాల్నో. చూసుకోకుండా పెట్టేవాడు జొన్నల్ని గజంబద్దతో కొలుస్తాడు."

కై వర్గ పరీక్ష అని ఒకటి చెప్పినాడు. మనిషి ఏ పార్టీ, ఏ అంగట్లో టీ తాగుతాడు, రెండూ పేర్లే. పార్టీకీ టీకీ సంబంధం లేకపోతే యాడ ఎంతమంది ఉండాల్నో ముందు రాసుకో. నిజంగా ఎంతమంది ఉండారో పోయి లెక్కపెట్టు. రాసుకున్నదానికీ చూసినదానికీ దూరం ఎంతో చూడు. అంతే పరీక్ష. వెనక నుంచి ఒకడు లేచి, "మన ఊర్లో పరీక్ష ఎందుకు సార్? అవతలి అంగట్లో తాగితే కాళ్లు ఇరుగుతాయి" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

"నవ్వింది చాలు, నా తపేలా నాకియ్యండి. సంగటి కెలకాల" అని నేను అరిచేదాన్ని. గిన్నెలు కడుగుతా, ఎసరు పెడతా, ఒక చెవి అరుగు మీదే ఉండేది.

ఇక ఆయన మాట ఒకటి ఉంది. ఎవరన్నా "ఊరంతా అనుకుంటాండారు" అంటే చాలు, సుద్దముక్క తీసి, "ఎంతమందిని అడిగినావ్?" అనేవాడు. పెద్దా లేదు, చిన్నా లేదు. మా పార్టీ పెద్దాయన్ని కూడా అడిగినాడు ఒకసారి. ఇది మంచిదికాదప్పా, నోరు అదుపులో పెట్టుకో అని ఆయన ఒంటిగా ఉన్నప్పుడు నేను చెప్పినా. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని, "మా ఊర్లో ఒక పొద్దు ఖూనీ జరిగితే, అందరూ మావాళ్లే చేసినారు అన్నారక్కా. ఎంతమంది చూసినారని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి మా చిన్నాయన లేడు" అన్నాడు. అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ నోరు అదుపు అనలేదు.

ఆ ఏడే నా కూతురి బడి ఆగిపోయింది. ఈ మనవరాలి తల్లి. ఆరో తరగతి. ఆగింది నీళ్లకు. మా రెండు వీధులకూ చెరొక బోరింగు ఉండేది. పై వీధి బోరింగు నీళ్లు వెన్న. మాది కొడితే కుండలో తెల్లగా పేరుకునేది, పప్పు ఎంత కాగినా గులకరాయే. కట్టెలన్నీ బూడిదయ్యేవి, పప్పు మాత్రం పప్పుగానే ఉండేది. పై వీధికి పోయి నీళ్లు పట్టుకుంటే పార్టీ మర్యాద పోతుంది. అందుకని కింది వీధి ఆడోళ్లందరం పొద్దున్నే పెన్నలోకి పోయి, ఇసుకలో చెలమలు తోడుకుని, ఆ తియ్యనీళ్ల కడవలు మోసేవాళ్లం. మా అత్తకు నడుము పోయినాక ఇంట్లో రెండో మనిషి కావాల్సి వచ్చింది. కూతురికి కడవ ఇచ్చినా.

మగోళ్లు మాత్రం రచ్చ మీద కూర్చుని, "మా బోరింగు నీళ్లు అమృతం" అనేవాళ్లు. ఆడోళ్లు కడవలు మోసేది చూసినా, బట్టలకో బర్రెలకో అనుకునేవాళ్లు.

సారు నన్ను అడిగినాడు. "అక్కా, పాప చేతిలో ఈ మధ్య పుస్తకం కనపడలేదే?"

"నీళ్లు ఎవరు మోస్తారప్పా, నువ్వా?"

ఆయన ఆ పూట సంగటి సగం వదిలేసి లేచినాడు. నా ఇంట్లో అన్నం వదిలేసిన మొదటి పొద్దు అదే.

కొన్నాళ్లకు జమ్మలమడుగు నుంచి ఇంజనీరు వచ్చినాడు. ఒక బోరింగుకు మోటారు బిగిస్తాం, ట్యాంకు కట్టి రెండు వీధులకూ కొళాయిలు ఇస్తాం, రెండూ తాగే నీళ్లేనని రిపోర్టు వచ్చింది, ఏది కావాల్నో మీరే తేల్చుకోండి అన్నాడు. తేల్చుకోకపోతే ట్యాంకు పక్కూరికి పోతుంది. బడి కాడ అందరూ చేరినారు. మాది అంటే మాది. వాళ్ల నీళ్లు విషమని మావాళ్లు, మావి గొడ్లు కూడా తాగవని వాళ్లు. ట్యాంకు పక్కూరికి పోయేటట్టే ఉండె. నేను బడి గోడకు ఆనుకుని, ఇక నా కూతురు జన్మంతా కడవ మోయాల్సిందే అనుకుంటాండా.

సగటు సారు లేచినాడు. "ఇంత తేడా ఉంటే నాలుకకు తెలుస్తుంది కదా? పందెం వేద్దాం. ఎనిమిది గ్లాసులు. నాలుగు ఈ బోరింగువి, నాలుగు ఆ బోరింగువి. పార్టీకి ఒక మనిషి. తాగి ఏది ఎవరిదో చెప్పాల."

పందెం అంటే మావాళ్లు పెళ్లి పందిరి కూడా వదిలేసి వస్తారు. రెండు పార్టీల పెద్దలూ తొడ కొట్టినారు. మా తరఫున మా ఇంటాయన. ఆ తరఫున వాళ్ల పెద్దాయన తమ్ముడు.

నీళ్లు పోసేది టైలరు ఖాసింబీ. రెండు వీధుల రవికెలూ ఆమే కుడుతుంది కాబట్టి ఆమెకు పార్టీ లేదు. సారు ఒక సంచిలో ఎనిమిది చింతగింజలు వేసి ఇచ్చినాడు, సగం సుద్ద పూసినవి, సగం నల్లవి. గ్లాసుకు ఒకటి చూడకుండా తీయాల, తెల్లది వస్తే మా నీళ్లు, నల్లది వస్తే వాళ్లవి. పోసి, తీసిన గింజల్ని గ్లాసుల వరుసలోనే గుడ్డ కింద పెట్టి, వెనక తలుపు నుంచి బయటికి పోవాల. గ్లాసులు ఇంకొకరు తెచ్చి పెట్టాల. "పోసిన మనిషి మొగం ఈడ కనపడగూడదు. మొగం చాడీలు చెప్తుంది" అన్నాడు.

ముందు పై వీధాయన తాగినాడు. సగం కరెక్టు, సగం తప్పు. "కళ్లు మూసుకుని వేలు పెట్టినా ఇంతే వస్తుందప్పా" అన్నాడు సారు. "మీ నీళ్లు తగిలి నా నాలుక చెడింది" అని ఆయన మూతి తుడుచుకున్నాడు. మా వీధి ఈలలు వేసింది.

తర్వాత మా ఇంటాయన. కండువా దులిపి కూర్చున్నాడు. ఒక్కో గుక్క తాగడం, ఊరంతా వినేటట్టు చప్పరించడం. "ఇది మాది. ఆహా! చెరుకురసం." "థూ, ఇది వాళ్లది." "ఇదీ వాళ్లదే, ఉప్పు." కొంచెం కూడా తడుముకోలేదు. మా వీధోళ్లు అప్పుడే టపాకాయలకు మనిషిని పంపినారు.

సారు గింజలు చూసి నల్లబల్ల మీద గీతలు గీసినాడు. ఎనిమిదీ తప్పు. చెరుకురసం అన్నవన్నీ పై వీధి నీళ్లు. థూ అన్నవన్నీ మావి.

పై వీధి పడీపడీ నవ్వింది. మా పెద్దాయన మొగం మాడిపోయింది. మా ఇంటాయన కండువాలో మొగం దాచుకున్నాడు. సారు ఒక్కడే నవ్వలేదు. బల్ల ముందర అట్లే నిలబడినాడు, చేతిలో సుద్ద రెండు ముక్కలైంది. ఆ మొగంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

"నవ్వాకండి" అన్నాడు. "గుడ్డిగా చెప్తే ఎనిమిదీ కరెక్టు పడేది డెబ్బైసార్లలో ఒక్కసారి. ఎనిమిదీ తప్పు పడేది కూడా డెబ్బైలో ఒక్కసారే. సగం తప్పయితే గాలివాటం. అన్నీ తప్పంటే గాలివాటం అని నేను నమ్మను. ఈయన నాలుక తేడాను బాగా పట్టింది. పేర్లు మాత్రం తిరగేసి పెట్టింది. బావా, ఇంట్లో మీరు తాగేది ఏ నీళ్లు?"

"ఏందా ప్రశ్న? మా బోరింగువే!"

అప్పుడే నా కూతురు ఏటి నుంచి వస్తా, బడి కిటికీ కాడ ఆగింది. నడుం మీద కడవ, పావడ సగం తడిసింది. తను కూర్చునే బెంచీకల్లా చూస్తాంది గానీ ఈడ ఏం జరుగుతాందో చూడలేదు.

"పాపా, ఆ నీళ్లు యాడివి?" అన్నాడు సారు.

అది నా మొగం చూసింది. "చెప్పు" అన్నా.

"ఏటివి సార్."

"దేనికి?"

"తాగేదానికి. నాయనకు."

వెనక తలుపు అవతల నుంచి ఖాసింబీ నవ్వు ముందు వినపడింది. తర్వాత కింది వీధి ఆడోళ్లందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మా ఇంటాయన నాకల్లా తిరిగినాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"బోరింగు వేసిన కాడి నుంచి."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే. కడవ నిండిందా అంటివి, నిండింది అంటి."

మా పెద్దాయన అంత తొందరగా దిగే రకం కాదు. "ఒక నాలుకతో ఊరి సంగతి తేల్చేదానికి లేదు" అన్నాడు. సారు సంతోషంగా ఒప్పుకున్నాడు. "నిజమే మామా. పేరు చెప్పమంటే పౌరుషం అడ్డమొస్తుంది. కొలుద్దాం." మరుసటి పొద్దు బడి ముందర పొయ్యిలు పెట్టించినాడు. ఒకే మూటలోని కందిపప్పు, ఒకే కొలత. రెండు వీధుల ఆడోళ్లం. ఎవరి కుండలో ఏ నీళ్లో చింతగింజలే తేల్చినాయి, మాకు తెలియదు. ఏ కుండ ఎప్పుడు ఉడికిందో ఆయన గడియారం చూసి రాసుకున్నాడు. నా కట్టెలు పచ్చివి, నా కుండ వెనకబడింది. "ఇది నా తప్పు, నీళ్లది కాదు" అని నేను కొట్లాడితే, "కుండకూ కుండకూ ఆమాత్రం తేడా ఎప్పుడూ ఉంటుందక్కా. ఆ తేడా కంటే నీళ్ల తేడా పెద్దదా కాదా అని చూడాల. కొలతలకు పెట్టేది టీ పరీక్ష" అన్నాడు.

"టీ ఏంది, పప్పు పరీక్ష" అన్నా.

మూతలు తీసిన ఆడోళ్లందరికీ కంటితోనే తెలిసిపోయింది. ఒక పక్క మెత్తటి ముద్ద, ఒక పక్క గులకరాళ్లు. ఆయన మాత్రం కూర్చుని లెక్క మొత్తం వేసినాకనే తలూపినాడు.

చివరికి మా పెద్దాయన పరువు కోసరం ఒక మెలిక పెట్టినాడు. నీళ్లు వాళ్లవి, ట్యాంకు మా వీధిలో. వాళ్ల నీళ్లు మా ట్యాంకు ఎక్కి దిగి వాళ్ల కొళాయికి పోవాల. ఎవరికి వాళ్లు గెలిచినామని టపాకాయలు కాల్చినారు. దానితో పార్టీలు పోయినాయంటే అబద్ధం. టీ అంగళ్లు రెండూ అట్లే ఉండె. కొళాయి వచ్చిన పొద్దు నా కూతురి చేతిలోంచి కడవ తీసుకుని బోర్లించినా. అది జడ కూడా వేసుకోకుండా బడికి ఉరికింది.

మనవరాలికి ఇంతవరకే చెప్పినా. మిగిలింది చెప్పలేదు.

ఆయనకు తర్వాత బదిలీ అయి, పెళ్లయి, పులివెందులలో స్థిరపడినాడు. పోయిన ఏడు ఆయన పోయినాడని తెలిసి నేనూ నా కూతురూ బస్సెక్కినాం. ఇంటినిండా మనుషులు. పటానికి దండ, పక్కన ఆయన భార్య కొంగు మొగాన కప్పుకుని కూర్చుంది. ఆమె పక్కన ఉండే బంధువు ఒకామె ముక్కు చీదుకుంటా, "పులివెందులంతా ఏడ్చిందమ్మా ఈయప్ప కోసరం" అంది.

నా నోట్లోంచి జారిపోయింది. "ఎంతమందిని అడిగినావమ్మా?"

నా కూతురు నా చెయ్యి గిచ్చింది. గదంతా నన్నే చూసింది. ఆయన భార్య మెల్లగా కొంగు తీసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. నన్ను తేరిపార చూసి, "మీరు పప్పు అక్కనా?" అని, ఒక్కసారిగా నవ్వింది. చావింట్లో అంత గట్టి నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. "పప్పు ఒకసారి ఉడకలేదంటే ఏమీ తేలదు, ఇంకా నాలుగుసార్లు వండు అని నన్ను సతాయించేవాడక్కా" అంది. నవ్వు ఆగినాక నా కూతురికల్లా చూసింది. "కడవ పాపవు నువ్వేనా? ఆ పిల్ల బళ్లో నిలబడిందో లేదో అని ఎప్పుడూ అనేవాడు."

"నిలబడినానమ్మా. ఇప్పుడు బళ్లోనే చెప్తాండా" అంది నా కూతురు.

ఆమె పటానికల్లా తిరిగి, "విన్నావా? నిలబడిందంట" అంది.

లేచి వస్తా వస్తా పటం పక్కన పట్టపగలు వెలుగుతాండే లైటు చూసినా. చెయ్యి స్విచ్చి దాకా పోయింది. ఆర్పకుండానే వచ్చేసినా.